పడవెక్కిన వడ్రంగులు

మేకబొచ్చు మీసం ముక్కు కింద అతికినప్పటి నుంచీ కేతకికి ఒకటే తుమ్ము వస్తోంది. తుమ్మితే మీసం ఊడుతుంది. మీసం ఊడితే మగవేషం బయటపడుతుంది, వేషం బయటపడితే పందెం ఆగుతుంది, పందెం ఆగితే ఓడసాల పరాయివాడి పాలవుతుంది. కనుక నాయనలారా, మన కథానాయిక ఆ ఉదయం ముక్కు బిగబట్టుకుని, తలపాగా కనుబొమల దాకా లాక్కుని, కళాసుల నడుమ తెడ్డు పట్టుకుని కూర్చుంది. పక్కన ఆమె చిన్నాన్న పోలయ్య కూడా కళాసి వేషమే వేశాడు. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని గజగజ వణుకుతున్నాడు. పడవ ఇంకా గట్టుకు కట్టేసే ఉంది.

మణికూటాద్రి శిఖరాల మీద మంచుముద్దలై పుట్టి, చందనవనాల వేళ్ళు కడిగి, లోయలలో సింహగర్జనలు చేసి, తరంగిణీపురం చేరేసరికి నిండు ముత్తైదువలా మెల్లగా నడిచే శంఖినీ మహానది ఆనాడు పెళ్ళివారి ఇల్లులా ఉంది. రెండు గట్ల మీదా పట్టుకుచ్చుల గొడుగులు, ఏనుగుల అంబారీలు, మేడల గవాక్షాల నుంచి తొంగిచూసే మణిమయ తాటంకాల తళుకులు. భేరీలు మోగుతున్నాయి, కాహళాలు కూస్తున్నాయి. నందిరాళ్ళ రేవు నుంచి సముద్రముఖం దాకా పడవపందెం అంటే మాటలా మరి.

ఇంతకూ ఆ పందెం ఎందుకొచ్చిందో చెప్పాలి. కిందటి వసంతంలో జృంభకుడనే మాంత్రికుడు ఎక్కడి నుంచో ఊడిపడ్డాడు. వాడి చేతిలో ఛాయాదర్పణమని ఒక మాయ అద్దం ఉంది. ఏ పడవకైనా ఆ అద్దం చూపిస్తే చాలు, ఉలి ముట్టకుండా, మేకు దిగకుండా, అచ్చంగా అలాంటి పడవే పక్కన తేలేది. పట్టణమంతా వాడి పడవలే కొన్నది. తరతరాలుగా పడవలు కట్టిన ఓడసాలలో బాడిస చప్పుడు ఆగిపోయింది. వేడుకలంటే పడిచచ్చే మణికేతు మహారాజు రెండు పక్షాలనూ పిలిచి, "పందెం వేసుకోండి. ముందు సముద్రం చేరినవాడిదే ఓడసాల. ఓడినవాడి మనుషులు గెలిచినవాడికి బతికినన్నాళ్ళూ ఊడిగం చెయ్యాలి" అని తేల్చేశాడు. తండ్రి పోయాక ఓడసాలకు పెద్దయిన కేతకి ఆ మాట విని సభలో దండం పెట్టి సరేనంది. ఇంటికొచ్చి మాత్రం ఏడ్చింది.

ఓడసాలవారి సంగతి కూడా వినండి. వాళ్ళంత పనిమంతులు లేరు, వాళ్ళంత మొండివాళ్ళూ లేరు. కట్టినవాడు ఎక్కితే ఏటికి కోపమొస్తుందని వాళ్ళకొక కట్టడి. ఏ కాలంలో ఏ ముత్తాత పెట్టాడో గానీ, వడ్రంగి కాలు పడవలో పడేది కాదు. కళాసులది మరో కట్టడి. పడవలో లోపముందని వడ్రంగితో చెప్పడం కన్నబిడ్డకు వంక పెట్టినంత తప్పని వాళ్ళ నమ్మకం. ఎక్కనివాడు కడతాడు, ఎక్కినవాడు నోరు విప్పడు. ఇక పడవ మారేదెలా? మూలపడవ అని ఒకదాన్ని చావడిలో పెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి, దాన్నే కొలుచుకుంటూ అదే పడవను మళ్ళీ మళ్ళీ కడుతూ వచ్చారు.

కేతకి మాత్రం ఆ వానాకాలమంతా ఇదే మీసంతో వేరే రేవు కళాసులలో కలిసి తెడ్డు వేసింది. తన తాత కట్టిన పడవ మలుపులో ఎలా మొరాయిస్తుందో ఆమె భుజాలకు తెలిసొచ్చింది. తిరిగొచ్చి వడ్రంగులందరినీ కూడేసింది.

"మనమూ అద్దమే చిన్నాన్నా. వాడి అద్దం చిటికెలో చేస్తుంది, మనం ఏడాది చేస్తాం. అంతే తేడా. ఈసారి పందెంలో మనమే పడవెక్కుదాం" అన్నది.

పోలయ్యకు కోపం నషాళానికెక్కింది. రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు తనంతట తనే బాడిస నూరుకుంటూ, "నాకు ఈత రాదు, ముందే చెబుతున్నా" అన్నాడు. అలా ఓడసాల వడ్రంగులలో చేవ ఉన్నవాళ్ళంతా కళాసుల వేషాలు వేసి, చద్దిమూటలలో రంపాలూ ఉలులూ దాచుకుని ఈ పడవెక్కారు. పడవ నడిపే సరంగు ఎర్రన్నకు ఆ సంగతి తెలియదు. ఎవరో కొత్తవాళ్ళు కూలికి వచ్చారనుకున్నాడు, తెడ్డు పట్టే తీరు చూసి తల కొట్టుకున్నాడు.

జృంభకుడు పొద్దున్నే వచ్చి కేతకి పడవకు అద్దం చూపించాడు. నీళ్ళమీద మరో పడవ తేలింది. అదే పొడవు, అదే వెడల్పు, అదే ముక్కు మీద అదే హంసబొమ్మ. తెడ్ల దగ్గర మాత్రం అద్దంలోంచి పుట్టిన మూగ రాక్షసులు కూర్చున్నారు, ఒక్కొక్కడు ఏనుగుగున్నంత ఉన్నాడు. అలుపన్నది వాళ్ళు ఎరగరు.

"ఒకే రకం పడవలు. చేతులు ఎవరివి గట్టివో చూద్దాం" అని మాంత్రికుడు పకపక నవ్వాడు.

భేరి మోగింది. రెండు పడవలూ ఒక్కసారే నీటిని చీల్చుకుని ముందుకురికాయి. ఒక్కసారే అన్నానే గానీ, కన్ను మూసి తెరిచేలోగా మాంత్రికుడి పడవ ముందుకుపోయింది. రాక్షసుల తెడ్లు ఎగజిమ్మిన నీళ్ళతో కేతకి తలపాగా తడిసి ముద్దయింది. నది చూస్తుండగానే కొండల నడుమ దూరింది. ఎర్రరాళ్ళ గోడలు ఆకాశాన్ని సన్నని పట్టీగా నరికాయి, నీరు గిరగిర తిరుగుతూ పాతాళంలో కాహళాలు ఊదినట్లు మోగింది. ఎదురుగా మొదటి మలుపు. ఎర్రన్న చుక్కాని మీద ఒరిగిపోయి తిప్పుతున్నా పడవ తిరగనంటోంది, రాతిగోడ దూసుకొస్తోంది.

"ఎక్కడ పట్టేస్తోంది సరంగూ?" అని కేతకి అరిచింది.

"నోరు ముయ్యరా కొత్తోడా. పడవకి వంక సెప్పకూడదు. వడ్రంగి సెవిన పడితే పాపం."

"వడ్రంగి చెవి ఇక్కడే ఉందయ్యా, చెప్పు" అన్నాడు పోలయ్య, కళ్ళు మూసుకునే.

ఎర్రన్న గిరుక్కున ఆయన వైపు తిరిగాడు. ఆ క్షణానే కేతకి ముక్కు ఇక ఆగలేకపోయింది. చెవులు గింగురుమనేలా తుమ్మింది, మీసం ఎగిరిపోయి సుడిలో పడింది. ఓడసాల పెద్ద ముఖం గుర్తుపట్టి ఎర్రన్నకు పైప్రాణాలు పైనే పోయాయి. కానీ రాయి దగ్గరకొచ్చేస్తోంది, మర్యాదలకు వేళ కాదు.

"తోకపలకమ్మా" అన్నాడు గబగబా. "పడవ ఎనకాల నీళ్ళలోకి దిగి ఉంటాదే, ఆ పలక. తిన్నగా పోయేటప్పుడు బానే ఉంటాది. మలుపులో మాత్రం కాలు పట్టుకు లాగినట్టు లాగేస్తాది. మా అయ్య నాటి నుంచీ అంతే."

"మీ అయ్య నాటి నుంచా?" పోలయ్య కళ్ళు తెరుచుకున్నాయి. "నేను పట్టుదలగా దానికి నాలుగేసి మేకులు కొడుతూ వస్తుంటే, మీ అయ్య నాటి నుంచీ ఒక్కడికి నోరు రాలేదా?"

ఆయన సుడులు తిరుగుతున్న నదిని చూశాడు. అయినా బాడిస లాగి పడవ వెనక అంచు మీద బోర్లా పడుకున్నాడు. ఇద్దరు వడ్రంగులు ఆయన కాళ్ళు పట్టుకున్నారు. మెడ దాకా నీళ్ళలో మునిగి, ఉక్కిరిబిక్కిరవుతూ, తాను కొట్టిన మేకులను తానే తిట్టుకుంటూ తెగ్గొట్టాడు. పలక ఊడి కొట్టుకుపోయింది. పడవ గిర్రున తిరిగి రాతిని జానెడు దూరంలో తప్పించుకుంది. ముందు పోతున్న మాంత్రికుడి పడవ మాత్రం అదే మలుపులో మొరాయించి, గోడను రాసుకుంటూ నిలిచిపోయింది. దాన్ని దాటుతుంటే కొండ కొమ్మున కూర్చున్న జనం ముక్కున వేలేసుకున్నారు. వడ్రంగులు పడవెక్కారన్న వార్త గట్టు వెంబడి పడవ కన్నా ముందు పరుగెత్తింది.

జృంభకుడు తక్కువ తిన్నాడా? అద్దం ఎత్తి కేతకి పడవ వైపు తిప్పాడు. వాడి పడవకూ తోకపలక మాయమైంది. రాక్షసులు తెడ్లు ఝళిపించారు. మిగిలిన మలుపులన్నీ రెండు పడవలూ ఒకదాని వెంట ఒకటి పాముల్లా జారిపోయాయి. లోయ ముగిసేసరికి మాంత్రికుడు మళ్ళీ వాళ్ళ పక్కకు వచ్చేశాడు.

"నీ తెలివి నాకు బాగా ఉపయోగపడుతోంది పిల్లా. ఇంకా ఏమైనా ఉంటే చూపించు" అన్నాడు.

కేతకికి ఒళ్ళు మండింది. కానీ ఆ మంటలోనే ఒక సంగతి తట్టింది. వాడి అద్దానికి కంటికి కనిపించేదే దొరుకుతుంది. మలుపులకు కావలసిన పడవ వాడికి దొరికింది గానీ, మలుపులు అయిపోయాయి. ముందున్నది కొంగలబీడు. అక్కడ నది తిన్నగా, వెడల్పుగా, తల్లి పరిచిన చాపలా పరుచుకుని ఉంటుంది. సముద్రపు గాలి అడ్డంగా కొడుతుంది. తోకపలక లేని పడవ ఆ గాలికి నిలవదు.

"ఎర్రన్నా, కొంగలబీట్లో మనకేం కష్టం?"

"ఇసురుగాలి అమ్మా. పక్కకి తోసేస్తాది. పడవ ఒరిగితే ఇసకతిప్పల మీది మొసళ్ళకి పండగే."

"చిన్నాన్నా, విన్నావుగా."

పోలయ్య అప్పటికే కూర్చునే బల్లలు పీకేస్తున్నాడు. వెదురుగడలు అడ్డంగా పరిచి, బల్లలను కట్టగా చేసి, పడవ పక్కన నీళ్ళమీద చెయ్యెడంలో తేలేలా గడల కొసలకు కట్టారు. ముసలివాడికి ఊతకర్రలా పడవకు ఊతకట్ట దొరికింది. చద్దిమూటల గుడ్డలూ తలపాగాలూ కుట్టి, తెడ్డుకు కట్టి తెరచాప ఎత్తారు. కళాసులు ఎక్కడ బిగించాలో చెబుతున్నారు, వడ్రంగులు బిగిస్తున్నారు. ఒకరి మాట ఒకరు పూర్తి చేస్తున్నారు. ఇన్నేళ్ళూ ఒకే ఊళ్ళో ఉండి పలకరించుకోని అన్నదమ్ముల్లా, మాటలన్నీ ఒక్కరోజే ఆడేసుకుంటున్నారు. ఆ గోలలో పడవ కొంగలబీట్లోకి వచ్చిన సంగతే ఎవరూ గమనించలేదు.

గాలి కొట్టింది. కేతకి పడవ ఊతకట్ట మీద ఆని, తెరచాప పొట్ట పూరించుకుని దూసుకుపోయింది. మాంత్రికుడి పడవ అటూ ఇటూ తూలి, ఇసుకతిప్పకు తగిలింది. ఎండకు నోళ్ళు తెరిచి పడుకున్న మొసళ్ళు బుసకొడుతూ నీళ్ళలోకి దిగాయి. తెడ్డుతో కొట్టబోయిన ఒక రాక్షసుడిని చెయ్యి పట్టి ఈడ్చుకుపోయాయి. జృంభకుడు పళ్ళు పటపట కొరుకుతూ అద్దం ఎత్తాడు. వాడి పడవకూ ఊతకట్ట మొలిచింది, రంగురంగుల తలపాగాల తెరచాప మొలిచింది. మళ్ళీ తరుముకొచ్చాడు.

"ఇన్నేళ్ళు కట్టాను గానీ, దీని నడక ఇదా" అన్నాడు పోలయ్య. ఆయన పడవ ముక్కు దగ్గర నిలబడి ఉన్నాడు. ఒళ్ళంతా తడిసి, చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. "నా బిడ్డలు నడుస్తుంటే నేనెప్పుడూ చూడలేదమ్మా. అందరికన్నా ముందు నేను చూడాల్సింది." ఆయన ఏడుస్తున్నాడు, దాచుకోలేదు కూడా. కేతకి ఆయన భుజం పట్టుకుంది. అంత సంతోషం ఆమెకు ఈ మధ్యకాలంలో ఎన్నడూ కలగలేదు.

ఇక మిగిలింది ఒక్కటే, రాకాసిదవడ. సముద్రం చేరబోయే ముందు శంఖిని రెండు నల్లని బండల నడుమ ఇరుక్కుని, నురగలు కక్కుతూ కిందికి దూకుతుంది. ఆ సందు పడవ పట్టేంతే. పక్కన ఊతకట్ట ఉన్న పడవ ఏ విధంగానూ పట్టదు.

"కట్ట ఇప్పుడే తీసేద్దామా?" అని పోలయ్య అడిగాడు.

"ఇప్పుడే తీస్తే వాడూ తీస్తాడు. ఉంచు. ఒక్క దెబ్బతో ఊడేలా ముడి మార్చగలవా?"

"ముడి వేసింది నేనేగా. మోకులన్నీ ఒక దానికే కలిపి ఉంచా, ఆ ఒక్కటీ తెగితే కట్టంతా పోతుంది. ఏదో నాకు తెలుసు."

రాకాసిదవడ ఘోష చెవులు పగలగొడుతోంది. వెనక జృంభకుడు పదిబారల దూరంలో అద్దం ఎత్తి పట్టుకునే ఉన్నాడు, ఈసారి ఏ మార్పూ తప్పిపోకూడదని. బండలు రెండూ మీదికి వచ్చాయి. కళాసులు ఊపిరి బిగబట్టారు. పడవ ముక్కు నురగలోకి వంగి, బండ చాటుకు తప్పుకుంటుండగా కేతకి చెయ్యి ఎత్తింది, పోలయ్య బాడిస దిగింది. మోకు ఫట్టున తెగింది. గడలూ బల్లలూ ఒక్క తృటిలో విడిపోయాయి. పడవ సూదిలా సందులోకి దూరి, గాలిలోకి లేచి, తెల్లని నీటిపొగలో మునిగి, అవతలి మడుగులో తేలింది. ఒక్కడు కూడా జారిపోలేదు.

వెనక మాంత్రికుడు అద్దంలో చూస్తే బండ తప్ప మరేమీ లేదు. వాడి పడవలోనూ అవే మోకులున్నాయి, అవే ముడులున్నాయి. ఏది కొయ్యాలో చెప్పేవాడు మాత్రం ఒక్కడు లేడు. "కొయ్యండిరా" అని జృంభకుడు అరుస్తుంటే రాక్షసులు దొరికిన మోకునల్లా పట్టుకుని పీకారు. తెరచాప కూలింది, చుక్కాని ఊడింది, ఊతకట్ట మాత్రం ఊడలేదు. పడవ రెండు బండల నడుమ అడ్డంగా ఇరుక్కుని ఫెళఫెళ విరిగింది. రాక్షసులు పడవ విరగగానే నురగలో నురగైపోయారు.

సముద్రముఖాన మహారాజు కోసం టేకుపలకల వేదిక కట్టారు. అరటిబోదెలూ, మామిడాకులూ, ముత్యాల జాలర్లూ వేలాడుతున్నాయి. నిజం చెప్పాలంటే అదంతా జృంభకుడికి స్వాగతమని సిద్ధం చేసిందే. బల్లలు లేక, తోక లేక, తలపాగాలు కూడా లేక, నెత్తి మీద తడిజుట్టుతో కేతకి పడవ ఇసుకను తాకింది. జనం వెర్రెత్తినట్లు కేకలు వేశారు. మంత్రి ఒక్కడే ముఖం ముడుచుకుని, "కట్టినవాళ్ళు పడవెక్కారు మహాప్రభూ, కట్టడి తప్పారు" అన్నాడు.

"ఏటికి కోపం రాలేదు, నాకెందుకయ్యా?" అన్నాడు మహారాజు. "అమ్మాయ్, ఓడసాల మీదే. మీ మనుషుల జోలికి ఇక ఎవరూ రారు. ఈ పడవను చావడిలో పెట్టించండి. ఇకముందు పడవలన్నీ దీని కొలతతోనే కట్టాలి."

పురోహితుడు పసుపుగిన్నె పట్టుకుని ముందుకొచ్చాడు. పోలయ్య ఆయన చెయ్యి మెల్లగా పక్కకు తోశాడు. "వద్దు బాబూ. ఇదింకా పూర్తి కాలేదు" అన్నాడు. వడ్రంగులందరూ తలలూపారు. ఓడసాలలో ఆ మాట ఎవరి నోటా ఇంతవరకూ రాలేదు. ఓడసాల దక్కిందని కేతకికి అప్పుడు నమ్మకం కుదిరింది.

అంతలో జనంలో కలకలం రేగింది. రాకాసిదవడ మీదుగా ఒక పెద్ద గద్ద, కాళ్ళలో అద్దం తళతళలాడుతుండగా, సముద్రం వైపు ఎగురుతోంది. మాంత్రికుడికి ఒంటరిగా పారిపోవడానికి మంత్రాలకు కొదవా? అలలకు అవతల లంగరు వేసిన రాజనౌక మీద యువరాజు చిత్రభానుడు, విజేత మెడలో వెయ్యవలసిన హారంతో ఎదురుచూస్తున్నాడు. గద్ద అతని వెనక వాలి జృంభకుడయింది. నావికులు ఒక్కొక్కరే నీళ్ళలోకి విసిరేసినట్లు పడ్డారు. లంగరు తాడు తెగింది. తెరచాపలు గాలి లేకుండానే నిండాయి, రాజనౌక నడిసముద్రం వైపు తిరిగింది.

మహారాజు ముఖాన నెత్తుటి చుక్క లేదు. "నా బిడ్డ" అన్నాడు. సముద్రానికి తగిన ఓడ రాజ్యంలో అదొక్కటే.

కేతకి నురగ అంచు వెంట పరుగెత్తి, గట్టున వలలు ఆరేసుకుంటున్న బెస్తల గుంపు దగ్గర ఆగింది. "ఈ అలల్లో మా పడవ ఎక్కడ దెబ్బతింటుందో చెప్పండి. దాచుకోకండి."

ఒక ముసలి బెస్తామె పడవను ఎగాదిగా చూసింది. "ముక్కు పొట్టి. తొలి అలే నెత్తినెక్కేసి ముంచేస్తది. ముందరంతా ఎత్తుగా కట్టండి, పక్కలు కూడాను. చుక్కాని నా మనవడికియ్యి, అలల సంగతి ఆడికి తెలుసు."

"టేకు కావాలి" అన్నాడు పోలయ్య చుట్టూ చూస్తూ. ఆ ఇసుకలో కొబ్బరిమట్ట కూడా లేదు. చూస్తూ చూస్తూ ఆయన చూపు ఒకచోట ఆగింది. వడ్రంగులందరి చూపూ అక్కడే ఆగింది.

కేతకి వేదిక దగ్గరకు నడిచి చేతులు జోడించింది.

"మహాప్రభూ, తమరు కాస్త లేవాలి" అన్నది.

మణికేతు మహారాజు ఆమెను చూశాడు, తన కాళ్ళ కింది పలకలను చూశాడు. లేచాడు. మంత్రి నోరు తెరిచేలోపే రత్నకిరీటం తీసి ఆయన చేతిలో పెట్టి, కిందికి దిగి, మొదటి పలకకు ఒక కొన తానే పట్టుకున్నాడు.

బాడిసలు మోగాయి. ఎత్తైన కొత్త ముక్కుతో పడవ నీళ్ళలోకి దిగేసరికి రాజనౌక తెరచాప అరచేతిలో పట్టేంత అయింది. పోలయ్య అందరికన్నా ముందు ఎక్కి కూర్చున్నాడు. తొలి అల తాటిచెట్టంత లేచి వచ్చింది, పడవ దానికి ఎదురెక్కింది.